తాత్కాలికం అంటే ఎన్నేళ్ళు?

1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం అనగానే మనకు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గుర్తొస్తాడు. పాతికేళ్ళ తర్వాత, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గుర్తొస్తాడు. స్కూలు పుస్తకాల్లో చదువుకున్న చరిత్ర ఇది. ఆ చట్టాన్ని మాత్రం మనలో చదివినవాళ్ళు తక్కువ. దానిలో ఉన్నవి ఏడు సెక్షన్లే. మొదటిది వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు అంటుంది. రెండోది, అలా చేసుకున్న క్షణం నుంచి చనిపోయిన భర్త ఆస్తిలో ఆమెకు వచ్చిన హక్కులన్నీ ఆమె చనిపోయినట్టే ఆగిపోతాయంటుంది. మూడోది పిల్లల సంగతి.

ఆ మూడో సెక్షన్ ఏం చెప్పిందో కాస్త నిదానంగా చూద్దాం. భర్త తన వీలునామాలో భార్యనో మరొకరినో పిల్లలకు సంరక్షకులుగా రాసిపెట్టకపోతే, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోగానే భర్త తండ్రి, తాత, తల్లి, నాయనమ్మ, లేదా భర్త తరఫు మగ బంధువు ఎవరైనా సరే కోర్టుకు వెళ్ళవచ్చు. పిల్లలకు వేరే సంరక్షకుణ్ణి నియమించమని అడగవచ్చు. కోర్టు నియమిస్తే తల్లి స్థానంలో ఆ సంరక్షకుడికే పిల్లల మీద అధికారం. ఆ నియామకం చేసేటప్పుడు కోర్టు ఏ సూత్రాలు పాటించాలి? తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల విషయంలో పాటించే సూత్రాలే పాటించాలట! తల్లి కళ్ళెదుట ఉంది, మాట్లాడుతోంది, బిడ్డను ఎత్తుకుని ఉంది. అయినా చట్టం లెక్కలో ఆ బిడ్డ అనాథ.

దీనికి ఒక మినహాయింపు కూడా ఉంది. పిల్లల పోషణకూ చదువుకూ సరిపడా ఆస్తి వాళ్ళకు సొంతంగా లేకపోతే, తల్లి ఒప్పుకోకుండా సంరక్షకుణ్ణి నియమించకూడదు. కాదంటే ఆ వచ్చే సంరక్షకుడు వాళ్ళ పోషణకూ చదువుకూ హామీ ఇవ్వాలి. అంటే ఆస్తి ఉన్న బిడ్డ వంశానికి, ఆస్తి లేని బిడ్డ తల్లికి. సంస్కరణ చట్టంలోనే ఇంత స్పష్టంగా రాసుకున్నారు.

వీరేశలింగం పోరాటం ప్రధానంగా బాలవితంతువుల గురించి. ఒడిలో బిడ్డ ఉన్న వితంతువుకు పునర్వివాహం అంటే ఏమిటో ఆలోచిస్తే, ఆ హక్కుకు ఆమె చెల్లించాల్సిన వెల ఎంతో తెలుస్తుంది. బిడ్డ కావాలా, బతుకు కావాలా తేల్చుకోమన్నారు. కోర్టుకు వెళ్ళగలవాళ్ళ ఆ జాబితాలో అమ్మమ్మ లేదు, తల్లి తరఫు తాతయ్య లేడు. మనవడు కొడుకు కొడుకే గానీ కూతురి కొడుకు కాడు. ఈ చట్టాన్ని రద్దు చేసింది 1983లో. అంటే 127 ఏళ్ళ పాటు ఆ మూడో సెక్షన్ పుస్తకాల్లో ఉంది.

తాతయ్యలకూ తల్లిదండ్రులకూ మధ్య కస్టడీ గొడవ అనగానే, అది ఈ తరం విడాకుల వల్ల కొత్తగా పుట్టుకొచ్చినట్టు మాట్లాడేవాళ్ళు చాలామంది. ఫ్యామిలీ కోర్టు వరండాల్లో ముసలివాళ్ళు మనవల ఫోటోలు పట్టుకుని నిలబడటం కలికాలం అంటారు. కాదు. ఆ గొడవ మన చట్టాల్లో మొదటి నుంచీ ఉంది. మారింది కోర్టుకు వచ్చే తాతయ్య ఎవరన్నదే.

1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చింది. ఈ రోజుకీ మనకు దిక్కు అదే. అందులో 17వ సెక్షన్ పిల్లల సంక్షేమం చూడమంటుంది. వయసు, స్త్రీ పురుష భేదం, మతం, సంరక్షకుడి నడవడి, దగ్గరి బంధుత్వం, చనిపోయిన తల్లిదండ్రుల కోరిక, ఆలోచించి చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టం చూడమంటుంది. వినడానికి బాగుంటుంది. రెండు సెక్షన్ల తర్వాత 19వ సెక్షన్‌లో, తండ్రి బతికి ఉండి, అతను అనర్హుడని కోర్టు భావించకపోతే మరొకరిని సంరక్షకులుగా నియమించే అధికారమే లేదంటుంది. ఆ వాక్యంలో ‘తండ్రి’ పక్కన ‘తల్లి’ అన్న మాట చేరింది 2010లో. అంతకు ముందు 120 ఏళ్ళూ తల్లి బతికి ఉండటం ఆ సెక్షన్‌కు లెక్కలోకి రాలేదు.

ఇక మన చర్చకు అసలైనది 12వ సెక్షన్. అసలు కేసు తేలేలోగా బిడ్డను కోర్టుకు తీసుకురమ్మనడానికీ, తాత్కాలికంగా ఎవరి రక్షణలో ఉంచాలో చెప్పడానికీ కోర్టుకు అధికారం ఇచ్చింది ఇదే. ఈ సెక్షన్‌లో బాల్యవివాహాల కాలం ఆనవాలు ఒకటి ఇప్పటికీ ఉంది. మైనర్ బాలికను ‘నేను ఆమె భర్తను’ అని వచ్చినవాడికి తాత్కాలికంగా అప్పగించకూడదు, తల్లిదండ్రుల అంగీకారంతో ఆమె అప్పటికే అతని దగ్గర ఉంటే తప్ప, అంటుంది. ‘అప్పటికే’ అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. తాత్కాలిక ఉత్తర్వులన్నీ తిరిగేది ఆ మాట చుట్టూనే. బిడ్డ అప్పటికే ఎవరి దగ్గర ఉంది?

ఆ ప్రశ్నకు ఎంత బలం ఉందో చూపించే కేసు మన మదనపల్లెలో పుట్టిన పిల్లలది. తాతయ్యల తగాదా కాదు గానీ, కాలం తీర్పు ఎలా చెబుతుందో దానిలో కనిపిస్తుంది. జిడ్డు నారాయణయ్య 1910లో తన ఇద్దరు కొడుకుల సంరక్షణ అనీబిసెంట్‌కు రాసిచ్చాడు. వాళ్ళ తల్లి సంజీవమ్మ 1905లోనే చనిపోయింది. తర్వాత మనసు మార్చుకుని 1912లో దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రికే పిల్లల్ని ఇమ్మంది. పిల్లలు అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. 1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పు కొట్టేసింది. దావా వేసిన చోటికి ఆ పిల్లల మీద అధికారం లేదని, వాళ్ళ ఇష్టం తెలుసుకోలేదని అంది. ఆ పిల్లల్లో పెద్దవాడు జిడ్డు కృష్ణమూర్తి. తీర్పు వచ్చేనాటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. ఇక ఎవరికి అప్పగించాలి?

అనీబిసెంట్ గురించి మరో మాట కూడా చెప్పుకోవాలి. 1878లో ఇంగ్లండు కోర్టు ఆమె కూతురు మేబుల్‌ను ఆమె దగ్గర నుంచి తీసేసి తండ్రికి ఇచ్చింది. ఆమె నాస్తికురాలు కావడం, గర్భనిరోధం గురించిన పుస్తకం ప్రచురించి విచారణ ఎదుర్కోవడం ఆమె నేరాలు. తల్లిగా ఓడిపోయిన మనిషి, కన్నతల్లి కాని చోట గెలిచింది. పిల్లల సంక్షేమం అన్న మాట ఎవరి చేతిలో ఎలా మారుతుందో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

మన నేల మీద అమ్మమ్మకు స్థానం ఇచ్చిన చట్టం లేదా అంటే, ఉంది. ముస్లిం వ్యక్తిగత చట్టంలో హనఫీ సంప్రదాయం ప్రకారం చిన్నపిల్లల పెంపకం హక్కు, అంటే హిజానత్, మొదట తల్లిది. తల్లి తర్వాత తండ్రిది కాదు, అమ్మమ్మది. ఆ తర్వాతే నాయనమ్మ. తల్లి పరాయి మగవాణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆ హక్కు పోగొట్టుకోవడం అక్కడా ఉంది. కానీ పోయిన హక్కు అమ్మమ్మ చేతికే వెళుతుంది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో సహజ సంరక్షకుల జాబితా వెతకండి. తండ్రి, అతని తర్వాత తల్లి. అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలంటుంది. అమ్మమ్మ లేదు, నాయనమ్మా లేదు. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకే అని అర్థం కాదనీ, తండ్రి పట్టించుకోని చోట తల్లే సంరక్షకురాలనీ చెప్పించడానికి రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ తీర్పు 1999లో వచ్చింది. తల్లికే ఇంత ఆలస్యమైతే, తల్లి తల్లి మాట ఎవరు తలుచుకుంటారు?

అమ్మమ్మలు కోర్టు మెట్లు ఎక్కింది చట్టం పిలిచినందుకు కాదు. కూతుళ్ళు చనిపోయినందుకు. వితంతు పునర్వివాహ చట్టం రద్దయిన 1983లోనే శిక్షాస్మృతిలోకి 498ఎ వచ్చింది. 1986లో వరకట్న మరణాల గురించిన 304బి వచ్చింది. ఇప్పుడవి 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లు. స్త్రీల ఉద్యమం వీధుల్లో పోరాడి తెచ్చుకున్న మార్పులివి. చనిపోయిన అమ్మాయి గురించి మాట్లాడాం, నిందితుల గురించి మాట్లాడాం. ఆమె విడిచిపోయిన రెండేళ్ళ బిడ్డ గురించి తక్కువ మాట్లాడాం. ఆ బిడ్డ ఎక్కడుంటుంది? బెయిలు మీద వచ్చిన తండ్రి దగ్గరా, అమ్మమ్మ దగ్గరా?

అసలు కంటే వడ్డీ ముద్దు అంటాం మనం. ఈ ఇళ్ళల్లో అసలు పోయింది. కట్నం కింద ఇచ్చినదీ పోయింది, ఇచ్చిన పిల్లా పోయింది. మిగిలింది ఆ వడ్డీయే. దాని కోసం కోర్టుకు వెళ్ళినప్పుడు అమ్మమ్మకు 1890 నాటి 19వ సెక్షన్ ఎదురొస్తుంది. తండ్రి అనర్హుడని రుజువు చెయ్యమంటుంది. క్రిమినల్ కేసు తేలడానికి ఏళ్ళు పడుతుంది. అది తేలకుండా అతను అనర్హుడని ఎలా అంటారని అవతలి వకీలు అడుగుతాడు.

ఈ గోడ కొంచెం కొంచెంగా కదిలింది. 1992లో ఒక కేసులో తల్లి అసహజంగా చనిపోయింది. తండ్రి మీద 498ఎ నడుస్తోంది. సుప్రీంకోర్టు పిల్లలతో మాట్లాడి, వాళ్ళను మేనమామ దగ్గరే ఉంచింది. 2008లో మరో కేసు. తండ్రి మీద వరకట్న మరణం అభియోగం ఉన్నా కింది కోర్టులు బిడ్డను అతనికే ఇచ్చాయి. అభియోగాన్ని పక్కన పెట్టి నడవడిని ఎలా చూస్తారని సుప్రీంకోర్టు తప్పుపట్టి, ఆరేళ్ళ బాబు మాట విని, అమ్మమ్మ తాతయ్యల దగ్గరికి పంపింది. 2009లో ఇంకొకటి. ప్రసవంలో తల్లి చనిపోతే పాపను పుట్టిన నాటి నుంచీ అమ్మమ్మే పెంచింది. తండ్రి మీద నేరారోపణ లేదు. అయినా పాపను అమ్మమ్మ దగ్గరే ఉండనిచ్చింది కోర్టు. తండ్రి హక్కు కంటే పాప సంక్షేమం పెద్దదంది.

ఈ మూడు తీర్పులనూ మనం మన విజయాలుగా చెప్పుకోవచ్చు. కానీ మూడో తీర్పు దగ్గర ఆగి చూడాలి. కేసు తేలేసరికి ఆ పాపకు దాదాపు ఎనిమిదేళ్ళు. పొత్తిళ్ళ బిడ్డ గురించి మొదలైన తగాదా, బడికి వెళ్ళే పిల్ల గురించి ముగిసింది. ఎనిమిదేళ్ళు ఒకరి ఒళ్ళో పెరిగిన పిల్లను ఎవరు మాత్రం పీకి ఇంకొకరికి ఇస్తారు? తీర్పు సరైనదే. కానీ ఆ తీర్పును సగానికి పైగా రాసింది గడిచిన కాలం.

ఫ్యామిలీ కోర్టులో జరిగేది ఇదే. అసలు పిటిషన్‌తో పాటు మధ్యంతర కస్టడీ కోసం ఒక దరఖాస్తు పడుతుంది. నోటీసు వెళుతుంది. కౌంటరు వెయ్యడానికి వాయిదా, కౌన్సెలర్ నివేదికకు వాయిదా, జడ్జి బదిలీ అయితే ఇంకో వాయిదా. ఈలోగా బిడ్డ ఉన్న చోటే ఉంటుంది. అక్కడి భాష నేర్చుకుంటుంది, అక్కడి బడిలో చేరుతుంది, రెండో వైపు వాళ్ళ ముఖాలు మర్చిపోతుంది. తర్వాత కోర్టు చూస్తే బిడ్డ ‘అలవాటు పడింది’ అని తేలుతుంది. భార్యాభర్తల కేసులో పిల్లల ఖర్చులూ చదువుల గురించి వేసే దరఖాస్తు వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని 2001లో హిందూ వివాహ చట్టాన్ని సవరించారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న దానికి అలాంటి గడువు పెట్టలేదు. 1890 నాటి 12వ సెక్షన్‌లోనూ గడువు లేదు. డబ్బుకు గడువుంది, బాల్యానికి లేదు.

ఇక్కడే మనకు అసలు చిక్కు. అమ్మమ్మ పక్షాన మనం ఏం వాదిస్తున్నాం? రక్తం కంటే పెంపకం ముఖ్యం, బిడ్డ అలవాటు పడిన చోటి నుంచి కదపకూడదు, తాతయ్యలు పరాయివాళ్ళు కారు అంటున్నాం. ఇవే మాటలు అత్తింటివాళ్ళ నోట కూడా వింటాం. కోడల్ని కొట్టి బయటికి గెంటి, పాలు తాగే బిడ్డను లోపల ఉంచుకుని తలుపు వేసుకున్నవాళ్ళు, రెండేళ్ళ తర్వాత కోర్టులో ‘నాయనమ్మకు అలవాటు పడ్డాడండీ’ అంటారు. ఆమెకు ఉద్యోగం లేదంటారు, అద్దె ఇల్లంటారు, మళ్ళీ పెళ్ళి చేసుకుందంటారు. 1856 నాటి మూడో సెక్షన్ రద్దయింది గానీ, దాని గొంతు వరండాల్లో వినిపిస్తూనే ఉంది.

మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసు చూడండి. బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే, 2006లో తండ్రి చనిపోయాడు. మరుసటి ఏడు ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 2008లో అత్తమామలు మనవడికి తమను సంరక్షకులుగా నియమించమని పిటిషన్ వేశారు. కోర్టులు బిడ్డను తల్లి నుంచి వేరు చెయ్యలేదు. అప్పుడప్పుడు చూసే అవకాశం ఇచ్చాయి. అయితే 2014లో హైకోర్టు, ఎవరూ అడగకుండానే, బిడ్డకు మొదటి తండ్రి ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో ఇప్పటి భర్త పేరును సవతి తండ్రిగా చూపాలని ఆదేశించింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బిడ్డ మనసు మీద అలాంటి ముద్ర వెయ్యడం క్రూరమని చెప్పి, ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనంది. పిటిషన్ వేసిననాటికి రెండేళ్ళ పిల్లవాడు, తీర్పు నాటికి పదహారేళ్ళవాడు. వంశం పట్టుకున్నది చివరికి ఆ ఇంటిపేరునే.

అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. 2021లో కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరూ చనిపోయిన బాబు. 71 ఏళ్ళ తాతయ్య, 63 ఏళ్ళ నాయనమ్మ ఒక వైపు, తల్లి తోబుట్టువు మరో వైపు. పెద్దవాళ్ళ వయసూ పెన్షనూ చూసి హైకోర్టు పిన్నికి ఇస్తే, సుప్రీంకోర్టు తాతయ్య నాయనమ్మలకు ఇచ్చింది. వయసూ ఆదాయమే కొలమానం కాకూడదన్నది మంచి మాట. పేద అమ్మమ్మలందరికీ అది ఉపయోగపడుతుంది. కానీ మన సమాజంలో తండ్రి తరఫు తాతయ్య నాయనమ్మలే మనవణ్ణి ఎప్పుడూ బాగా చూసుకుంటారన్న అర్థంలో రాసిన వాక్యం కూడా అందులో ఉంది. తండ్రి తరఫు అన్న ఆ విశేషణం అవసరమా? 1856 జాబితాను ఎవరో గుర్తు పెట్టుకున్నట్టు లేదూ!

కాబట్టి ‘తాతయ్యల హక్కు’ అన్న ఒక్క మాటతో ఈ సమస్యను చూడలేం. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో తాతయ్య నాయనమ్మలు పిల్లలతో గడిపే సమయం గురించి కూడా సూచనలు చేసింది. బిడ్డను చూసే అవకాశం అందరికీ ఉండటం మంచిదే. కానీ అన్ని గుమ్మాలూ ఒకటి కావు. చనిపోయిన కూతురి గుమ్మం వేరు, గెంటివేసిన కోడలి గుమ్మం వేరు. అందుకే కోర్టు మొదట అడగాల్సిన ప్రశ్న, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్నది కాదు. అక్కడికి ఎలా వచ్చింది అన్నది. ఒక మరణం తర్వాత దిక్కు లేక వచ్చిందా? తల్లే నమ్మి ఒప్పగించిందా? ఆమెను బయటికి తోసి ఆపుకున్నారా? బలవంతంతో మొదలైన అలవాటుకు సంక్షేమం అని పేరు పెట్టకూడదు. గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఏ దశలోనైనా బిడ్డ తాత్కాలిక కస్టడీని బాధితురాలికి ఇవ్వవచ్చు. 2006 నుంచి అమల్లో ఉన్న ఆ సెక్షన్‌ను మొదటి రోజే అడగాలని గెంటివేతకు గురైన ప్రతి స్త్రీకీ తెలియాలి.

రెండో ప్రశ్న ఆస్తి గురించి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అసహజంగా చనిపోతే, ఆమెకిచ్చిన కట్నం ఆమె పిల్లలకు చెందాలని వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. న్యాయమైన నియమమే. కానీ బిడ్డను పట్టుకున్నవారి చేతికే ఆ సొమ్ము కూడా చిక్కే ప్రమాదం ఉంది. కేసు రాజీకి బిడ్డ బేరం కావడం కూడా ఉంది. అమ్మమ్మ ఇల్లయినా, నాయనమ్మ ఇల్లయినా బిడ్డ ఆస్తి లెక్క బిడ్డ కస్టడీ నుంచి విడిగా కోర్టు చేతిలో ఉండాలి.

మూడోది మనం మనల్ని అడగాల్సింది. పిటిషన్ మీద చాలాసార్లు తాతయ్య పేరుంటుంది. తెల్లవారి లేచి పాలు కాచేది, జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేది, మోకాళ్ళ నొప్పులతో బడి దాకా నడిచేది అమ్మమ్మ. అరవై ఏళ్ళకు ఆమె రెండోసారి తల్లి అవుతోంది, చాలాసార్లు గర్భశోకంతో. తల్లి పోతే తండ్రి పినతండ్రి అంటారు మన ఊళ్ళల్లో. తల్లి పోయాక అమ్మమ్మ తల్లి అవుతుందని సామెత చెప్పుకోలేదు, అది మామూలే అనుకున్నాం. ఆమె చాకిరీకి ప్రేమ అని పేరు పెట్టి వదిలేస్తే, రేపు ఆమె వయసే ఆమెకు ఎదురు సాక్ష్యం అవుతుంది. తండ్రి నుంచి పోషణ ఖర్చు అడగడం, ఆమె చేసిన పెంపకాన్ని రికార్డులోకి ఎక్కించడం వకీళ్ళ పనే కాదు, మన పని కూడా.

ఇన్ని తీర్పుల తర్వాత మనం అడగవలసింది చిన్న మార్పు. మధ్యంతర కస్టడీ దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో రాయాలి. తేల్చేముందు జడ్జి బిడ్డతో, ఇరువైపుల వాళ్ళూ లేని గదిలో, బిడ్డ భాషలో మాట్లాడాలి. బిడ్డ ఆ ఇంటికి ఎలా వచ్చిందో ఉత్తర్వులో రాయాలి. 1856లో బతికున్న తల్లిని చట్టం చనిపోయినదానిగా లెక్కగట్టింది. ఈ రోజు వాయిదాలు ఆ పని చేస్తున్నాయి. రెండో పుట్టినరోజుకు వేసిన దరఖాస్తు మీద ఏడో పుట్టినరోజుకు ఉత్తర్వు వస్తే, దాన్ని తాత్కాలికం అనకూడదు. ఆ బిడ్డ బాల్యం అప్పటికే అయిపోవచ్చింది.